మీ లైను ఒకసారి చూసుకోండి

పదకొండు కావస్తుండగా సరయు కాఫీ కప్పు పక్కకి జరిపి తెరకి దగ్గరగా కూర్చుంది. అది బ్రెజిల్ వాళ్ళు వచ్చే వేళ.

తెర మీద, సైటులో ఎంతమంది ఉన్నారో చూపే పచ్చగీత ఒకటి పొద్దుటి నుంచీ అడుగున పాకుతూ ఉంటుంది. పదకొండు దాటగానే లేచి నిలబడుతుంది. సింగపూర్‌లో పొద్దున పదకొండంటే అక్కడ అర్ధరాత్రి. అర్ధరాత్రి దాటితే ఎంతసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నా అక్కడ ఒక్క కాల్ ఖర్చే. ఇంటర్నెట్ ఇంకా ఫోను తీగ మీదే వస్తోంది కాబట్టి ఆ దేశంలో సగం మంది అప్పటిదాకా మేలుకుని ఉండి, ఒక్కసారిగా పాల్‌నెస్ట్ సైటు తలుపు తోసుకుని లోపలికి వస్తారు.

"వచ్చేశారు మా వాళ్ళు," అంది పక్క కుర్చీలోంచి ఫాబియానా. ఆమెది బ్రెజిల్. ఆమె భర్త ఇక్కడి షిప్‌యార్డులో, సముద్రంలో చమురు తోడే రిగ్గులు కట్టే చోట ఇంజనీరు. పాసిర్ రిస్‌లో కాపురం. పోర్చుగీసులో వచ్చే ఫిర్యాదులు చదివి ఇంగ్లీషులో చెప్పడానికి రోజూ పూటపని చేసి వెళుతుంది. "ఇవాళ కొత్త గ్రూపు చూశావా? 'వాన పడుతుంటే దుప్పటి కప్పుకుని పడుకోవడం ఇష్టమైన వాళ్ళు'. ఆరు లక్షల మంది చేరారు."

"అందులో ఏం మాట్లాడుకుంటారు?"

"ఏముంది, మా ఊళ్ళో ఇప్పుడు వాన పడుతోంది, అని."

ఇద్దరూ నవ్వుకున్నారు. పాల్‌నెస్ట్ పెట్టింది అమెరికా వాళ్ళ కోసం. ఒకరు పిలిస్తేనే ఇంకొకరు చేరగలిగే పద్ధతి. ఎవరో ఒక బ్రెజిల్ కుర్రాడు చేరి తన వాళ్ళని పిలిచాడు, వాళ్ళు వాళ్ళ వాళ్ళని పిలిచారు. రెండేళ్ళు తిరిగేసరికి వచ్చే జనంలో సగానికి పైగా వాళ్ళే. పుట్టినరోజులూ, పిల్లల ఫొటోలూ, ఫుట్‌బాల్ తగాదాలూ, పోయినవాళ్ళ జ్ఞాపకాలూ, అన్నీ అక్కడే.

కృష్ణప్రసాద్ గాజు గది తలుపు తీసి చెయ్యి ఊపాడు. సరయు లేచి వెళ్ళింది. ఆయన ఆమె టీముకి మేనేజరు. ఆఫీసులో తెలుగు మాట్లాడేది వాళ్ళిద్దరే.

"తలుపు వేసి కూర్చో. ఫాబియానాకి ఈ సంగతి తెలియక్కర్లేదు." ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "మొన్న బోర్డు మీటింగ్‌లో ఒకటే గోల. యాడ్స్ ఇచ్చేవాళ్ళేమో అమెరికాలో, ఇక్కడా ఉన్నారు. మెంబర్స్ చూస్తే బ్రెజిల్. వాళ్ళ ఫొటోలకి సర్వర్లు కొనలేక చస్తున్నాం. ఎక్కడ చూసినా పోర్చుగీసే అని అమెరికా వాళ్ళు వెళ్ళిపోతున్నారు."

"అయితే వాళ్ళ అకౌంట్లు తీసేస్తామా అండీ?"

"ఛఛ. తీసేస్తే పేపర్లకెక్కుతుంది. కొంచెం స్లో చేస్తామంతే. బ్రెజిల్ నుంచి ఏ రిక్వెస్ట్ వచ్చినా ఎనిమిది సెకన్లు పట్టుకుని వదులు. పేజీకైనా, ఫొటోకైనా. మనం ఎవర్నీ పొమ్మనడం లేదు. విసుగొచ్చి వాళ్ళే పోతారు."

"కంప్లైంట్స్ వస్తాయి కదండీ?"

"వస్తే ఒకటే జవాబు. మా వైపు అంతా సవ్యంగా ఉంది, మీ ఫోన్ లైను, మోడెం ఒకసారి చూసుకోండి." కళ్ళజోడు పెట్టుకుని ఆమె వంక చూశాడు. "నీ వర్క్ పాస్ రిన్యూవల్ వచ్చే నెల కదూ? పేపర్లు నా టేబుల్ మీదే ఉన్నాయి. రెండు రోజుల్లో సంతకం పెట్టేస్తాలే."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు, సాయం చేసేవాడి గొంతుతోనే. కుర్చీలోకి వచ్చి కూర్చున్నాక గానీ సరయుకి అది రెండో అర్థంలో వినబడలేదు.

రాయవలసింది నాలుగు లైన్ల కోడు. వచ్చే రిక్వెస్ట్ ఏ దేశపుదో చూడటం, బ్రెజిల్‌దైతే ఆపడం, లెక్కపెట్టడం, వదలడం. ఆమె వేళ్ళకి అది పావుగంట పని. మధ్యాహ్నం దాకా సాగదీసింది. రాసిన లైను చెరిపి మళ్ళీ అదే రాసింది. దానికి పేరు పెట్టమని కంప్యూటర్ అడిగితే 'క్వాలిటీ' అని పెట్టింది. ఆఖరికి సావోపావ్లోలో అద్దెకున్న తమ టెస్టింగ్ మెషిన్ లోంచి పేజీ తెరిచి చూసింది. తెర తెల్లగా ఉండిపోయింది. ముందు పేరు వచ్చింది. తర్వాత చాలాసేపటికి ఒక ఫొటో, ఇంకా చాలాసేపటికి ఇంకో ఫొటో. పెళ్ళి ఫొటోలు అవి, ఎవరివో. పెళ్ళికూతురు వచ్చింది గానీ పెళ్ళికొడుకు రావడానికి ఇంకా టైముంది.

ఇషూన్‌లో ఆమె గది అద్దెకు తీసుకున్న ఫ్లాటు రాజమ్మ ఆంటీది. తాతల నాడే విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. సాయంత్రం సరయు వెళ్ళేసరికి ఆంటీ వంటింటి కిటికీలోంచి వెదురు కర్రల మీద ఆరేసిన బట్టలు లోపలికి లాగుతోంది.

"ఏం గర్ల్, మక్కాన్ అయిందా? మొహం అలా ఉందేంటి?"

"ఇంకా తినలేదాంటీ." సరయు కర్ర రెండో కొస పట్టుకుంది.

"రసం ఉంది, ఇకాన్ బిలిస్ ఎండుచేపలు వేయించాను. తినేసి పడుకో లా." రాజమ్మ పిల్లోకవరు మడత పెడుతూ అడిగింది. "పొద్దస్తమానం కంప్యూటర్ ముందు ఏం చేస్తావమ్మా నువ్వు?"

"దూరంగా ఉన్నవాళ్ళు మాట్లాడుకునే చోటు ఉంటుందాంటీ కంప్యూటర్‌లో. దాన్ని చూసుకుంటాను."

"మనుషుల్ని మాట్లాడిస్తావన్నమాట. మంచి పనే," అంది రాజమ్మ. సరయు ఇంకో కర్ర అందుకుంది.

మర్నాటి నుంచి ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఫాబియానా ఒక్కొక్కటే తెరిచి చదివి చెబుతుంటే, సరయు కృష్ణప్రసాద్ చెప్పిన జవాబు దానికింద అతికించి పంపుతోంది. తిట్టిన వాళ్ళు తక్కువ. ఎక్కువ మంది క్షమాపణ చెప్పుకుని మొదలుపెట్టారు. మా కంప్యూటర్ పాతది, తప్పు మాదే అయి ఉండవచ్చు, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాం, అని.

"ఒక్కసారిగా ఇంతమంది లైన్లు పాడయ్యాయా?" అంది ఫాబియానా మూడో రోజు.

సరయు తెర వైపే చూస్తూ, "వానలు కదా అక్కడ," అంది.

ఫాబియానా ఆమె చెంప వంక చూసి, తర్వాతి ఉత్తరం తెరిచింది. ఆ వారం చివర ఆమె కాంట్రాక్టు ముగించారు. పోర్చుగీసు ఇంక అవసరం లేదన్నారు. సొరుగులోని టీ పొట్లాలు, చిన్న అద్దం సంచిలో వేసుకుని, వెళ్ళేముందు సరయు తెర మీద ఒక ఉత్తరం తెరిచి పెట్టింది.

"ఈవిడ పేరు ఇవొనేచి. మా దేశపు ఈశాన్యంలో ఎక్కడో పల్లెటూరు. నువ్వు ట్రాన్స్‌లేటర్‌లో వేసి చదువుకోగలవు, తేలికగా రాస్తుంది. మిగతావాళ్ళకి ఏం పంపినా పంపు. ఈవిడకి మాత్రం సరిగ్గా జవాబు రాయి."

ఇవొనేచి చర్చి వెనక గదిలో ఊరందరికీ ఉన్న ఒక్క కంప్యూటర్‌ని చూసుకునే మనిషి. ఆ ఊరి మగవాళ్ళు చాలామంది చెరుకు కొట్టడానికి సావోపావ్లో వైపు వెళ్ళారు. ఆదివారం వాళ్ళు అక్కడ టౌన్లో ఏదో నెట్ షాపులో కూర్చుని పాల్‌నెస్ట్‌లో నాలుగు ముక్కలు రాసి, ఫొటో పెడతారు. ఊళ్ళో ఆడవాళ్ళు ఫోన్ చవకయ్యే వేళకి, పిల్లల్ని భుజాన వేసుకుని చర్చి అరుగు మీదకి చేరతారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. చదవడం రానివాళ్ళకి ఇవొనేచి చదివి పెడుతుంది.

"మునుపు పది నిమిషాల్లో చదువుకుని, జవాబు రాసి, ఫొటో చూసుకుని, కళ్ళు తుడుచుకుని కూడా లేచేవారు," అని రాసింది. "ఇప్పుడు పది నిమిషాలూ పేజీ రావడానికే సరిపోతోంది. నిన్న దోనా సొకొర్రో అనే ఆవిడ వంతు వచ్చింది. ఆమె భర్త టోపీ దాకా వచ్చి ఆగిపోయాడు. మొహం రాకుండానే ఆమె లేవాల్సి వచ్చింది, వెనక ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. దయచేసి మేం ఏం చెయ్యాలో చెప్పండి."

సరయు ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. సరిగ్గా జవాబు రాయాలనే కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చుంది. చివరికి మామూలు జవాబే పంపింది. కాకపోతే కింద ఒక్క వాక్యం తనదిగా చేర్చింది. దోనా సొకొర్రోకి నా నమస్కారాలు చెప్పండి, అని.

సోమవారం పచ్చగీత తగ్గలేదు. సరిగ్గా పదకొండుకి లేచింది, ఎప్పటంత ఎత్తుకే లేచింది. ఇంకా చిత్రం, దిగడానికి ఎప్పటికన్నా ఆలస్యమైంది. ఒక్కొక్కరూ ఎక్కువసేపు కూర్చుంటున్నారు. 'పేజీ వచ్చేలోగా కాఫీ పెట్టుకునే వాళ్ళు' అని కొత్త గ్రూపు పుట్టింది. రెండు లక్షల మంది చేరారు.

"వీళ్ళకి విసుగు రాదేంటి?" అన్నాడు కృష్ణప్రసాద్, ఆమె కుర్చీ వెనక నిలబడి. "ఇరవై చెయ్యి."

"కృష్ణప్రసాద్ గారూ, ఒక ఊరు ఉందండీ. దాన్ని ఒక్కదాన్ని వదిలేద్దామా?" సరయు ఆ ఉత్తరం ఇంగ్లీషులోకి మార్చి చూపించింది.

ఆయన వంగి చివరిదాకా చదివాడు. చదివి నిటారుగా నిలబడ్డాడు. "నువ్వు పేర్లు చదవకు సరయూ. నేనూ మొదట్లో చదివేవాణ్ణి." గొంతు తగ్గించాడు. "ఈ క్వార్టర్‌లో గీత దిగకపోతే ఈ ఫ్లోర్ మొత్తం మూసేస్తామన్నారు. నలభై మంది పనిచేస్తున్నారిక్కడ. నేను మొన్ననే బిషాన్‌లో ఫ్లాట్ కొన్నాను, పిల్లని స్కూల్లో వేశాను. నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. సరయు ఎనిమిదిని చెరిపి ఇరవై అని కొట్టింది.

తర్వాతి వారం బుధవారం ఇవొనేచి దగ్గర నుంచి పెద్ద ఉత్తరం వచ్చింది.

"ప్రియమైన వారికి, మీరు చెప్పినట్టే చేశాం. లైను చూడటానికి పక్క టౌన్ నుంచి ఫోన్ మనిషిని పిలిపించాం. అతను తీగ బాగానే ఉందన్నాడు గానీ, మీరు అంత పెద్ద కంపెనీ వారు చెప్పాక అతని మాట ఎలా నమ్ముతాం? ఆడవాళ్ళందరం కలిసి ఒక మేకని పెట్టి లాటరీ టికెట్లు అమ్మాం. ఆ డబ్బుతో స్తంభం దగ్గర నుంచి గది దాకా కొత్త తీగ వేయించాం. కొత్త మోడెం కూడా తెప్పించాం. మేక ఫాదర్‌కే తగిలింది, ఆయన మళ్ళీ మాకే ఇచ్చేశాడు. అయినా పేజీ రావడం లేదు, మునుపటి కన్నా ఆలస్యమైంది. దోనా సొకొర్రో తన చెయ్యి మంచిది కాదని మౌస్ ముట్టుకోవడం మానేసింది. దూరంగా గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇంకా మేం ఏం మార్చాలో మీరే చెప్పాలి."

సరయు లేచి బాత్‌రూమ్‌కి వెళ్ళి కుళాయి విప్పి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. తిరిగి వచ్చి, ఆ చర్చి గది ఒక్కటే తప్పించడానికి దారి వెతికింది. కుదరలేదు. ఫోన్ తీగ మీద వచ్చేవాళ్ళకి ఇంటర్నెట్‌లో స్థిరమైన నంబరు ఉండదు. కలిపిన ప్రతిసారీ ఆ రాష్ట్రం మొత్తానికీ ఉన్న నంబర్లలో ఏదో ఒకటి వస్తుంది. వదిలితే రాష్ట్రాన్నంతా వదలాలి. ఇంటికి వెళ్ళేముందు, చుట్టూ ఎవరూ లేనప్పుడు, ఆ రాష్ట్రాన్నంతా ఆలస్యం లోంచి వదిలేసింది.

పొద్దున వచ్చి చూస్తే మళ్ళీ ఇరవై ఉంది. కాఫీ మెషిన్ దగ్గర కృష్ణప్రసాద్ ఆమె పక్కన నిలబడి, కప్పులోకి చూస్తూ అన్నాడు. "నేనే మార్చాను. ఎవరికీ చెప్పలేదు. ఇంకోసారి చెయ్యకమ్మా, ఇంకోసారి నేను కనిపెట్టేలోగా వేరేవాళ్ళు కనిపెడతారు." ఆమె కప్పులో కూడా పంచదార వేసి కలిపి ఇచ్చి వెళ్ళాడు.

శనివారం సరయు రైలెక్కి పాసిర్ రిస్ వెళ్ళింది. ఫాబియానా తలుపు తీసి, ఆశ్చర్యపోయి, కౌగలించుకుంది. ఇంట్లో బీన్స్ ఉడుకుతున్న వాసన. భర్త షిప్‌యార్డులో ఉన్నాడు. బల్ల మీద తెరిచి ఉన్న లాప్‌టాప్‌లో పాల్‌నెస్ట్ పేజీయే ఉంది, ఆమె చెల్లెలి ఫొటోలు.

"ఇక్కడ నుంచి చూస్తే ఒక్క క్షణంలో వస్తున్నాయి," అంది ఫాబియానా. "మా చెల్లికేమో తన ఫొటో తనకే రావడం లేదట."

సరయు కూర్చోకుండానే చెప్పేసింది. నాలుగు లైన్లు, ఎనిమిది, ఇరవై, మేక, తీగ, మోడెం. చెబుతున్నంతసేపూ సంచి పట్టీ చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. ఫాబియానా మధ్యలో ఒక్క మాట కూడా అడగలేదు. అంతా అయ్యాక వెళ్ళి పొయ్యి మంట తగ్గించి వచ్చింది.

"నాకు తెలుసు," అంది. "నువ్వు వానలన్న రోజే తెలుసు. నువ్వే చెబుతావని చూశాను."

"ఆవిడకి నిజం రాయాలి. నా సొంత మెయిల్ నుంచి. ట్రాన్స్‌లేటర్‌లో వేస్తే ఎలా వెళుతుందో అని భయం. నువ్వు రాసి పెడతావా?"

ఫాబియానా కుర్చీ లాక్కుని కూర్చుంది. సరయు చెబుతుంటే ఆమె కొట్టడం మొదలుపెట్టింది. రెండో వాక్యం దగ్గర ఆగింది.

"'మేం నెమ్మది చేశాం' అని రాయనా, 'నేను నెమ్మది చేశాను' అని రాయనా?"

బయట కారిడార్లో ఎవరో పిల్లల సైకిలు తోసుకుంటూ పోతున్నారు. సరయు చేతికి చుట్టుకున్న సంచి పట్టీ విప్పేసింది.

"నేను అనే రాయి."

మీ లైనులో ఏ లోపమూ లేదు. మొదటి నుంచీ లేదు. మీ దేశం నుంచి వచ్చే వాళ్ళందరినీ ఆలస్యం చెయ్యమని కంపెనీ చెప్పింది, నేను చేశాను. తప్పు మీదని అబద్ధం రాసింది కూడా నేనే. దోనా సొకొర్రో చెయ్యి మంచిదే. ఇంక ఏమీ మార్చకండి, ఏమీ కొనకండి. మీరు వేరే సైటుకి వెళ్ళిపోవడం మంచిది. కింద మొదటిసారి సరయు తన పేరు పెట్టింది. పంపే మీట మాత్రం ఫాబియానా నొక్కలేదు. లాప్‌టాప్ ఆమె వైపు తిప్పింది. సరయు నొక్కింది.

"ఇది ఎవరి చేతిలోనైనా పడితే?" అంది ఫాబియానా.

"పడితే పడనీ," అంది సరయు. పళ్ళెం నిండా బీన్సూ అన్నమూ పెట్టి ఇస్తే, తినలేక సగం వదిలేసింది.

ఆదివారమంతా మెయిల్ తెరవలేదు. రాజమ్మ ఆంటీతో టెక్కా మార్కెట్‌కి వెళ్ళి కూరలు మోసుకొచ్చింది. ఉద్యోగం పోతే గది ఖాళీ చెయ్యాలి, దేశం వదిలిపోవాలి. ఆ మాట ఆంటీతో చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, బెండకాయలు బాగున్నాయనీ, ఇవాళ ఎండ ఎక్కువనీ అంది.

సోమవారం ఆఫీసులో తన సొంత మెయిల్ తెరిచింది. ఇవొనేచి జవాబు వచ్చి ఉంది. ట్రాన్స్‌లేటర్‌లో వేసి, వాక్యం వాక్యమే చదివింది.

"ప్రియమైన అమ్మాయీ, నీ ఉత్తరం అరుగు మీద అందరికీ చదివి వినిపించాను. అందరూ నవ్వారు, తర్వాత కొందరు ఏడ్చారు. మా బాధ చూడలేక నేరం నీ మీద వేసుకున్నావు. చిన్నపిల్ల పడిపోతే తల్లి నేలని కొట్టినట్టు. లేకపోతే ఎక్కడో ప్రపంచానికి అవతల ఉన్నవాళ్ళు మా పేజీలు కావాలని ఆపుతారా? మాతో ఎవరికేం పని? మేం చదువుకోని వాళ్ళమే గానీ ఆ మాత్రం తెలుసు. దోనా సొకొర్రో అయితే, ఆ పిల్ల మనసు బంగారం అంది. నీ మాట మీద ధైర్యం తెచ్చుకుని నిన్న మౌస్ పట్టుకుంది. పేజీ రాలేదు, ఫరవాలేదు. లోపం కంప్యూటర్‌లోనే ఉందని తేల్చుకున్నాం. మేకని ఈసారి అమ్మేశాం, ఇంకా కొన్ని అమ్మాం. గురువారం లారీలో కొత్త కంప్యూటర్ వస్తోంది. ఏమీ కొనవద్దని నువ్వు అన్నది మా ఖర్చు చూసి జాలిపడే అని మాకు తెలుసు."

"ఏమయింది?" కృష్ణప్రసాద్ గొంతు. ఎప్పుడొచ్చాడో, చేతిలో కాగితాలతో నిలబడి ఉన్నాడు. "అలా తెల్లగా పాలిపోయావేంటి?"

"నిజం రాశానండీ. ఆవిడకి."

ఆయన చేతిలోని కాగితాలు కదలడం ఆగిపోయింది. చుట్టూ చూశాడు. "ఏం రాశావు? అంతా రాశావా?"

"అంతా రాశాను."

"ఏమంది?"

"నమ్మలేదు."

కృష్ణప్రసాద్ గట్టిగా ఊపిరి వదిలాడు. "మంచిదయింది," అన్నాడు. "పోన్లే, మంచిదయింది." కాగితాలు ఆమె బల్ల మీద పెట్టాడు. పాస్ రిన్యూవల్ కాగితాలవి. అన్నిచోట్లా సంతకం చేసి ఉంది. ఆమె భుజం తట్టబోయి, మానుకుని, గదిలోకి వెళ్ళిపోయాడు.

సరయు ఆ కాగితాలని వేలితో పక్కకి జరిపి, ఉత్తరంలో మిగిలిన భాగం చదివింది. రెండు వాక్యాలే ఉన్నాయి.

"ఆదివారం ప్రార్థనలో నీ పేరు చదివిస్తామని ఫాదర్‌కి చెప్పాం. ఈ పేరు మేం ఎప్పుడూ వినలేదు, ఎలా పలకాలో రాస్తావా?"

మళ్ళీ నిజం రాయవచ్చు. ఇంకా వివరంగా, ఆ నాలుగు లైన్లూ ఉన్నవి ఉన్నట్టు కింద అతికించి రాయవచ్చు. అదీ అరుగు మీద చదువుతారు. ఎంత వివరంగా రాస్తే తనని అంత మంచిదాన్ని చేస్తారు. గురువారం లారీ వస్తుంది. కొత్త కంప్యూటర్ ముందు పద్నాలుగు మందీ వరసలో నిలబడతారు.

సరయు జవాబు పెట్టె తెరిచింది. ఆవిడ అడిగిన వాటన్నిటిలోనూ తను సూటిగా జవాబు చెప్పగలిగింది ఒక్కటే కనబడింది.

స, ర, యు. మూడు అక్షరాలు, వాళ్ళ లిపిలో, విడివిడిగా కొట్టింది. 'యు' దగ్గర నాలుక పైకి తగలనివ్వకండి, 'జు' అయిపోతుంది, అని ఇంకో లైను రాసి, పంపింది.